మెడికల్ బోర్డు ‘నానా’ అని రాసినప్పుడు: మాజీ సైనికుడి మానసిక గాయానికి వైకల్య పింఛను కోరే భార్యకు సమగ్ర మార్గదర్శి

కాశ్మీరులోనో సియాచిన్‌లోనో పనిచేసి వచ్చిన భర్త అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి తలుపు గడియలు సరిచూసుకోవడం, పెళ్లి ఊరేగింపులో బాణసంచా పేలితే గోడవారకు ఒదిగిపోవడం, పిల్లల మీద అకారణంగా విరుచుకుపడి ఆ తర్వాత రెండు రోజులు మాట లేకుండా కూర్చోవడం భార్యకు తెలిసినంతగా డాక్టర్లకు తెలియవు. అయితే వైకల్య పింఛను నిర్ణయించే అధికారులు ఆ మనిషిని ఎప్పుడూ చూడరు. వారి బల్ల మీదికి వచ్చేది ఆయన దస్త్రం ఒక్కటే. మాజీ సైనికుల కాగితాలు సరిచేసిపెట్టే పనిలో కొన్నేళ్లుగా ఉన్నవాడిగా నేను గమనించినది ఏమిటంటే, ఇలాంటి క్లెయిముల్లో ఆయనకు జబ్బు ఉందా లేదా అన్న వాదన చాలా అరుదుగా వస్తుంది. జబ్బు ఉందని సైన్యమే రాసి ఇస్తుంది. ఆ జబ్బుకూ సైనిక సేవకూ సంబంధం ఉందా అన్న దగ్గరే దస్త్రం ఆగిపోతుంది. కాబట్టి మీరు చేయబోయే పని అంతా ఆ సంబంధాన్ని కాగితం మీద నిలబెట్టడమే.

తిరస్కరణ ఉత్తరంలో అసలు ఏముంటుంది

పదవీ విరమణ లేదా డిశ్చార్జి సమయంలో జరిగిన రిలీజ్ మెడికల్ బోర్డు, లేదా జబ్బు కారణంగానే ఇంటికి పంపినట్లయితే ఇన్వాలిడింగ్ మెడికల్ బోర్డు, జబ్బు పేరు, వైకల్య శాతం రాసిన తర్వాత రెండు ప్రశ్నలకు జవాబు ఇస్తుంది. ఈ జబ్బు సైనిక సేవ వల్ల కలిగిందా? అలా కాకపోతే, ఉన్న జబ్బు సేవా పరిస్థితుల వల్ల ముదిరిందా? రెండింటికీ ‘కాదు’ అని రాస్తే దాన్ని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ‘నానా’ (నైదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ ఆగ్రవేటెడ్) అంటారు. జవాన్లు తమలో తాము “బోర్డు వాళ్లు నానా కొట్టేశారు” అని చెప్పుకునేది ఇదే. ఈ రెండు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికైనా ‘అవును’ అని వచ్చి, వైకల్యం 20 శాతమో అంతకన్నా ఎక్కువో ఉంటే, వైకల్య పింఛనుకు దారి తెరుచుకుంటుంది. చాలామంది మొదటి ప్రశ్న మీదే పోరాడి రెండోదాన్ని వదిలేస్తారు. ‘సేవ వల్ల ముదిరింది’ అని ఒప్పించడం సాధారణంగా తేలిక. వచ్చే వైకల్య పింఛనూ అదే.

మీ భర్తకు ఏ నియమాలు వర్తిస్తాయో డిశ్చార్జి తేదీని బట్టి ముందే చూసుకోవాలి. 2008 జనవరి 1కి ముందు బయటికి వచ్చినవారికి 1982 నాటి ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్, ఆ తేదీ నుంచి 2008 నాటివి, 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్తవి వర్తిస్తాయి. 2008 నియమాల్లో రెండు గడువులు మీకు ముఖ్యం. సేవలో ఉన్నప్పుడు బయటపడని జబ్బు డిశ్చార్జి తర్వాత ఆ నియమాల్లో చెప్పిన గడువులోపు బయటపడి, దాని మూలం సేవా కాలంలోనే ఉందని వైద్యాధికారి తేల్చగలిగితే దాన్ని కూడా సేవ వల్ల కలిగినదిగా గుర్తించవచ్చు. మామూలుగా రుజువు చేసే భారం మీ మీద ఉండదు గాని, డిశ్చార్జి అయిన 15 సంవత్సరాల తర్వాత క్లెయిము వేస్తే ఆ భారం మీ మీదికి వస్తుంది. మానసిక గాయం ఆలస్యంగా బయటపడడం సహజం కనుక, “ఇప్పుడెందుకులే” అని వాయిదా వేసే ప్రతి ఏడాదీ దస్త్రాన్ని బలహీనపరుస్తుంది.

సేకరించవలసిన కాగితాలు

ఇంట్లో ఉన్న డిశ్చార్జి బుక్, పీపీవో అనే పింఛను చెల్లింపు ఉత్తర్వుతో పని పూర్తి కాదు. రికార్డ్స్ ఆఫీసు నుంచి తెప్పించవలసినవి ఉన్నాయి. మీ భర్త రెజిమెంటును బట్టి ఆ ఆఫీసు ఎక్కడో ఉంటుంది: ఈఎంఈ (సైన్యపు ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం) వారిది మన సికింద్రాబాదులోనే ఉంది, మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీది నాసిక్ రోడ్‌లో, సిగ్నల్స్‌ది జబల్‌పూర్‌లో. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు, జవాబుకు గడువు 30 రోజులు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దరఖాస్తు మీ పేరు మీద పెడితే అది మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపే అవకాశం ఉంది కనుక, రాసేది మీరైనా దరఖాస్తుదారు పేరు, సంతకం ఆయనవే ఉండాలి. సర్వీసు నంబరు, ర్యాంకు, యూనిటు, డిశ్చార్జి తేదీ తప్పులు లేకుండా ఇవ్వాలి.

అడగవలసినవాటిలో మొదటిది మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ పూర్తి ప్రతి, అంటే ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అనే సైనిక వైద్య ఫారం. సారాంశం కాదు, ప్రతి పేజీ కావాలి. రెండోది, చాలామంది పేరు కూడా వినని ఏఎఫ్ఎంఎస్ఎఫ్-10: మానసిక జబ్బు కేసుల్లో జవాను ప్రవర్తన గురించి, యూనిటులో మార్పు ఎప్పటి నుంచి కనిపించిందన్న దాని గురించి కమాండింగ్ ఆఫీసరు సైకియాట్రిస్టుకు పంపే నివేదిక ఇది. మెడికల్ కేటగిరీ తగ్గించినప్పటి ఏఎఫ్ఎంఎస్ఎఫ్-15 కాగితాలు, ఆసుపత్రి కేస్ షీట్లు, భర్తీ సమయంలో జరిగిన వైద్య పరీక్ష కాగితం, పోస్టింగుల వివరాలుండే సర్వీసు రికార్డు, ఫీల్డు సేవకు సంబంధించిన పార్ట్-2 ఆర్డర్లు (సేవా వివరాలు నమోదు చేసే యూనిటు ఉత్తర్వులు) కూడా అడగాలి. కేటగిరీ కాగితాల్లో ‘షేప్’ అనే ఐదు అక్షరాల వరుస కనిపిస్తుంది. అందులో ‘ఎస్’ అనేది మానసిక స్థితికి గుర్తు; ఎస్-1 అంటే పూర్తి ఆరోగ్యం. ఆ అంకె 1 నుంచి 2కో 3కో ఏ తేదీన మారిందో, అప్పుడు ఆయన ఏ ప్రాంతంలో ఉన్నారో పక్కపక్కన రాసుకుంటే సగం వాదన అక్కడే తయారవుతుంది.

ఒక హవల్దారు భార్య తెచ్చిన కాగితాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. బోర్డు ‘సేవతో సంబంధం లేదు’ అని రాసి, కారణం అడిగిన గడిలో ‘జబ్బు పీస్ స్టేషన్‌లో మొదలైంది’ అని ఒక్క వాక్యం పెట్టింది. ఆసుపత్రిలో చేరింది పీస్ స్టేషన్‌లోనే, అంటే పోరాట ప్రాంతం కాని చోటే, నిజమే. కానీ సర్వీసు రికార్డు తీసి చూస్తే, ఉగ్రవాద నిరోధక దళమైన రాష్ట్రీయ రైఫిల్స్‌లో రెండున్నరేళ్లు ఉండి ఆ స్టేషన్‌కు చేరి అప్పటికి నాలుగు నెలలే అయింది. కమాండింగ్ ఆఫీసరు నివేదికలోనూ ‘చేరినప్పటి నుంచీ ఎవరితోనూ కలవడు, నిద్ర లేదు’ అని ఉంది. బోర్డు సొంత కాగితాలే బోర్డుకు ఎదురు చెబుతున్నాయి. ఆమె అప్పీలులో కొత్తగా చేర్చవలసి వచ్చింది చాలా కొద్ది.

సేవా పరిస్థితులను జబ్బుతో కలపడం

సైనిక వైద్యాధికారులకు ఇచ్చే ‘గైడ్ టు మెడికల్ ఆఫీసర్స్’ అనే పుస్తకంలో మానసిక జబ్బులను ఏయే పరిస్థితుల్లో సేవకు ఆపాదించవచ్చో చెప్పారు. యుద్ధరంగం, ఉగ్రవాద నిరోధక చర్యలు జరిగే ప్రాంతం, అతి ఎత్తైన ప్రదేశాలు, ఏకాంత పోస్టులు, యుద్ధఖైదీగా గడిపిన కాలం వంటివి అందులో ఉన్నాయి. మీ భర్త సేవలో వీటికి సరిపోయే కాలాలను ఏరి తీయాలి. శ్రీలంకలో 1987 నుంచి 1990 వరకు సాగిన ఆపరేషన్ పవన్, 1999లో కార్గిల్‌లో జరిగిన ఆపరేషన్ విజయ్, సియాచిన్‌లోని మేఘ్‌దూత్, జమ్మూ కాశ్మీరులోని రక్షక్, అస్సాంలోని రైనో వంటి పేర్లు సర్వీసు రికార్డులోనో, పతకాల వివరాల్లోనో కనబడితే తేదీలతో సహా అప్పీలులోకి తీసుకురావాలి.

ఒక నిర్దిష్ట సంఘటన, అంటే మందుపాతర పేలుడో, ఎదురుకాల్పులో పక్కవాడి మరణమో, మంచుచరియో ఉంటే దానికి సాక్షి కావాలి. ఆనాటి యూనిటు సహచరులు ఎక్కడున్నారో కనుక్కోవడం ఇప్పుడు కష్టం కాదు, ప్రతి బ్యాచికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. సహచరుడు తన సర్వీసు నంబరు, ర్యాంకు, ఆనాటి కంపెనీ పేరు రాసి, సంఘటన జరిగిన నెల, ప్రదేశం, తాను కళ్లారా చూసినది, ఆ తర్వాత మీ భర్తలో గమనించిన మార్పు మాత్రమే ప్రమాణపత్రంలో రాయాలి. ‘చాలా ధైర్యవంతుడు, మంచివాడు’ అనే వాక్యాలు ఎన్ని ఉన్నా ఉపయోగం లేదు.

ఆ సంఘటన గురించి మీ భర్త చేతనే రాయించే ముందు ఆగండి. జరిగినదాన్ని గుర్తు చేసుకోవడం ఆయనకు ఆ రాత్రిని మళ్లీ దాటడమే కావచ్చు. ఒక్క కూర్చొనుడులో పూర్తి చేయించవద్దు. రోజుకు పది నిమిషాలు, ఆయన చెబుతుంటే మీరు రాయండి, ఆయన ఆపమన్న చోట ఆపండి. ఆ వారం సైకియాట్రిస్టుకు ముందే చెప్పి ఉంచడం మంచిది. బ్యాంకులోనో ఏటీఎం వాహనాల మీదనో గన్‌మన్‌గా చేసే మాజీ సైనికుల ఇళ్లలో లైసెన్సు తుపాకీ ఉంటుంది. ఈ పని సాగినంత కాలం అది ఇంట్లో లేకుండా ఏర్పాటు చేసుకోండి. ప్రాణం తీసుకుంటానన్న మాట ఆయన నోట వస్తే అప్పీలు పక్కనపెట్టి వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416కు ఫోను చేయండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆ నంబరులో తెలుగులో మాట్లాడతారు.

మీ వాంగ్మూలం

భార్య ఇచ్చే ప్రమాణపత్రానికి విలువ లేదని కొందరు గుమాస్తాలు చెబుతారు. నేను ఒప్పుకోను. సేవకు ముందు మనిషిని, సెలవులకు వచ్చిన మనిషిని, తిరిగి వచ్చిన మనిషిని వరుసగా చూసిన సాక్షి ఇంకెవరూ ఉండరు. కాకపోతే ఆ వాంగ్మూలం ఎలా రాస్తున్నామన్నది ముఖ్యం.

“మా వారు చాలా బాధపడుతున్నారు, మా కుటుంబం రోడ్డున పడింది, దయచేసి ఆదుకోవలెను” అని రాస్తే అది విన్నపం అవుతుంది, సాక్ష్యం కాదు. దాని బదులు ఇలా రాయవచ్చు: “2011 మే నెలలో వివాహమైనప్పుడు ఆయన రాత్రి పదికి పడుకుని తెల్లవారి ఐదింటికి లేచేవారు. 2014 అక్టోబరులో కుప్వారా నుంచి నెల రోజుల సెలవుపై వచ్చినప్పుడు మొదటిసారిగా నిద్రలో అరవడం విన్నాను. ఆ సెలవులో కనీసం 12 రాత్రులు నిద్ర లేవడం నాకు గుర్తుంది. దీపావళి నాడు వీధిలో టపాకాయ పేలగా మంచం కిందికి దూరారు. 2016లో పెద్దవాడి అక్షరాభ్యాసానికి గుడికి రాలేదు; జనం ఉన్న చోటికి రాలేనన్నారు.” తేదీ, స్థలం, కళ్లతో చూసిన పని, అంతకుముందు లేదన్న మాట: ఈ నాలుగూ ఉన్న వాక్యాలను ఎవరూ తేలిగ్గా కొట్టివేయలేరు. సంవత్సరం గుర్తు లేకపోతే పిల్లల పుట్టినరోజులు, పంట కాలాలు, రైలు టికెట్లు, అప్పట్లో రాసుకున్న ఉత్తరాల ఆధారంగా సరిచూసుకోండి. గుర్తు లేనిదాన్ని ఊహించి రాయకండి. ఒక్క తేదీ సెలవు రికార్డుతో కలవకపోతే మిగతావాటినీ అనుమానంతో చూస్తారు.

ఈ రోజు నుంచే ఒక నోటుబుక్ పెట్టండి. రోజూ రాయనక్కరలేదు. నిద్ర లేని రాత్రి, కోపం వచ్చిన సందర్భం, మందు మానేసిన రోజు, పనికి వెళ్లలేని రోజు మాత్రం తేదీ వేసి రెండు పంక్తులు రాస్తే చాలు. మూడు నెలల తర్వాత దాన్ని సైకియాట్రిస్టుకు చూపిస్తే ఆయన రాసే నివేదికలోనూ వివరం వస్తుంది.

చికిత్స, తాగుడు, జబ్బు పేరు

ప్రస్తుతం చికిత్స ఏదీ లేకుండా పాత జబ్బుకు శాతం అడగడం కష్టం. మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్ నుంచి రెఫరల్ తీసుకుని సైకియాట్రిస్టుకు క్రమంగా చూపించండి. ‘ఊళ్లో తెలిస్తే పిల్లల పెళ్లిళ్లు కావు’ అన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ భయంతో పేరు లేని మందుల చీటీ మీద ఏళ్ల తరబడి నిద్రమాత్రలు కొన్న కుటుంబాల దగ్గర చివరికి చూపించడానికి ఒక్క కాగితమూ ఉండదు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017 లోని 25వ సెక్షను ప్రకారం తన వైద్య రికార్డులు పొందే హక్కు రోగికి ఉంది.

తాగుడు గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. పీడకలలకు విరుగుడుగా మొదలైన తాగుడు ముదిరి, ఆసుపత్రిలో చేర్చినప్పుడు కాగితం మీద ‘ఆల్కహాల్ డిపెండెన్స్’ అన్న పేరే పడితే, అది జవాను సొంత తప్పిదంగా పరిగణనలోకి వచ్చి క్లెయిము ఆగిపోతుంది. ఇలాంటి దస్త్రంలో ఏది ముందు వచ్చిందన్నదే కీలకం. నిద్రలేమి, భయం, ఒంటరితనం తాగుడుకన్నా ముందే మొదలయ్యాయని చూపే ఏ చిన్న నమోదైనా వెతకండి: యూనిటు ఎంఐ రూములో (యూనిటులోని చిన్న వైద్యశాలలో) నిద్ర కోసం తీసుకున్న మందు, సెలవులో ఊళ్లో చూపించుకున్న డాక్టరు చీటీ, మీ వాంగ్మూలంలోని తేదీ. వీటిని చూపించి, ఇప్పటి సైకియాట్రిస్టును రెండు జబ్బుల క్రమం గురించి, మూలకారణం గురించి లిఖితపూర్వక అభిప్రాయం అడగండి. ‘పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాతి మానసిక గాయం) ఉంది’ అన్న సర్టిఫికెట్‌కన్నా ‘ఫలానా సేవా పరిస్థితుల వల్ల కలిగి ఉండవచ్చు, ఎందుకంటే’ అని కారణాలు చెప్పిన ఒక పేజీ ఎంతో బలమైనది.

మొదటి అప్పీలు

తిరస్కరణ ఉత్తరం అందిన 6 నెలల్లోపు మొదటి అప్పీలు రికార్డ్స్ ఆఫీసు ద్వారా వెళ్లాలి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెబుతూ ఒక పేరా చేర్చండి. జబ్బు తీవ్రతే కారణమైతే ఆసుపత్రి తేదీలు జత చేయండి. అప్పీలు మూడు నాలుగు పేజీలు దాటకూడదు. మొదట బోర్డు రాసిన వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాసి, దాని కింద ఆ వాక్యం ఎందుకు నిలవదో సైన్యం సొంత కాగితాల పేజీ నంబర్లతో చూపించి, ఆ తర్వాతే సహచరుల, మీ ప్రమాణపత్రాలకు రావాలి.

న్యాయస్థానాల తీర్పుల్లో రెండు మూడు చాలు. ధరంవీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు, భర్తీ సమయంలో జబ్బు ఉన్నట్లు నమోదు లేకపోతే జవాను ఆరోగ్యంగానే చేరినట్లు భావించాలనీ, రుజువు భారం అతని మీద వేయకూడదనీ చెప్పింది. అందుకే భర్తీనాటి వైద్య పరీక్ష కాగితం తెప్పించమన్నాను. 2025 మే నెలలో రాజుమోన్ కేసులో, స్కిజోఫ్రెనియాతో డిశ్చార్జి అయిన జవానుకు, మెడికల్ బోర్డు కారణాలు రాయకుండా ఇచ్చిన అభిప్రాయం చెల్లదని చెబుతూ వైకల్య పింఛను ఇప్పించింది. ఎదుటి పక్షం చూపించే తీర్పు కూడా తెలిసి ఉండాలి: 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో, భర్తీ సమయంలో మానసిక జబ్బు కనిపెట్టడం సాధ్యం కాకపోవచ్చన్న కారణంతో అదే కోర్టు పింఛను నిరాకరించింది. కాబట్టి ‘చేరినప్పుడు బాగున్నాడు’ అన్న ఒక్క వాదన మీద ఆధారపడకుండా ఫీల్డు పోస్టింగును తప్పక చూపించాలి.

అప్పీలు విచారణలో భాగంగా మళ్లీ మెడికల్ బోర్డుకు పిలవవచ్చు. వెంట వెళ్లండి. డాక్టరు “ఎలా ఉన్నావు?” అనగానే చాలామంది జవాన్లు నడుం నిటారుగా పెట్టి “ఠీక్ హూఁ సాబ్” అంటారు. పదిహేడేళ్ల అలవాటు అది, ఆ రెండు మాటలతో పదిహేడు పేజీల దస్త్రం నీరుగారిపోతుంది. ముందురోజు ఇంట్లో కూర్చుని, బాగున్న రోజు గురించి కాకుండా గడిచిన నెలలో అన్నిటికన్నా కష్టంగా గడిచిన రోజు గురించి చెప్పమని ఆయనకు గుర్తు చేయండి. పెంచి చెప్పమని కాదు. నోటుబుక్ వెంట తీసుకువెళ్లండి, లోపలికి రానిస్తే మీరు చూసింది చెప్పండి, రానివ్వకపోతే మీ వాంగ్మూలం ప్రతిని దస్త్రంలో పెట్టమని కోరండి.

ఆ పై మెట్లు

మొదటి అప్పీలు తిరస్కరిస్తే మరో 6 నెలల్లోపు రెండో అప్పీలు వేయాలి. అదీ పోతే, లేదా అప్పీలు వేసి 6 నెలలైనా జవాబు రాకపోతే, 2007 నాటి చట్టం కింద ఏర్పడిన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తెలుగు రాష్ట్రాలు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. వకీలు లేక వెనుకాడేవారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ముందుగా అడగాలి: జాతీయ న్యాయ సేవల సంస్థ 2025 జులైలో ప్రారంభించిన వీర్ పరివార్ సహాయతా యోజన కింద సైనిక బోర్డుల్లో న్యాయ సహాయ కేంద్రాలు పెడుతున్నారు. వచ్చే బకాయిలో ఇంత శాతం ఇస్తే పని అవుతుందని ఫోను చేసే దళారులకు పీపీవో ప్రతి ఇవ్వకండి. బకాయిల విషయంలో మరో సంగతి, ఎంత ఆలస్యంగా వెళ్లినా కోర్టులు సాధారణంగా కేసు వేయడానికి ముందు 3 సంవత్సరాల వరకే బకాయిలు ఇప్పిస్తూ వచ్చాయి.

డబ్బు లెక్క, చివరి సరిచూపు

2023 సెప్టెంబరు 21కి ముందు డిశ్చార్జి అయినవారి విషయంలో, 100 శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం వైకల్య భాగంగా వస్తుంది. తక్కువ శాతానికి ఆ మేరకు తగ్గుతుంది. అయితే బ్రాడ్ బ్యాండింగ్ ప్రకారం 50 లోపు వైకల్యాన్ని 50గా, 50 నుంచి 75 వరకు 75గా, 76 నుంచి ఆ పైన 100గా లెక్కించాలి. దీన్ని సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవారికీ వర్తింపజేస్తూ 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఉదాహరణకు చివరి జీతం 40,000 రూపాయలు, బోర్డు రాసింది 30 శాతం అనుకుంటే, దాన్ని 50గా లెక్కించి నెలకు 6,000 రూపాయలు, దాని మీద కరువు సహాయం సర్వీసు పింఛనుకు అదనంగా రావాలి. క్లెయిము ఓడిపోయినా సర్వీసు పింఛనుకు ఏ ఢోకా ఉండదు. 2023 సెప్టెంబరు 21 తర్వాత వచ్చినవారికి ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అనే కొత్త పేరుతో వేరే లెక్క ఉంది, దాన్ని పై ఉదాహరణతో పోల్చుకోకండి.

మంజూరైతే ప్రయాగ్‌రాజ్ పింఛను కార్యాలయం నుంచి సవరించిన పీపీవో రక్షణ పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో కనిపిస్తుంది. అందులో బోర్డు శాతం కాకుండా పెంచిన శాతం పడిందా, అమలు తేదీ ఆదేశంలో ఉన్నదేనా, ‘జీవితాంతం’ అని ఉందా, మీ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్లే ఉన్నాయా అని పంక్తి పంక్తి చదవండి. జీవిత భాగస్వామి పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా, రేపు కుటుంబ పింఛను దగ్గర మీరే మళ్లీ కాగితాలు పట్టుకుని తిరగవలసి వస్తుంది కాబట్టి, ఆయన సంతకం చేయగలిగిన ఇప్పుడే ఆ సవరణ దరఖాస్తు కూడా పెట్టించండి.